గైరో దిక్కు చూశాకే విమానం గాల్లోకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వరి కోతలు అయిపోయి పొలాలు ఖాళీ కాగానే రేడియో కంట్రోల్ మోడల్ విమానాల గురించిన ఈ శీర్షికకు ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి వచ్చినవాటిలో ఎక్కువ గైరో స్టెబిలైజర్, అంటే విమానం తిరుగుడును పసిగట్టి దాన్ని నిలకడగా ఉంచే చిన్న పరికరం గురించే. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

హనుమకొండ నుంచి: నా దగ్గర 1.2 మీటర్ల రెక్కల హైవింగ్ ట్రైనర్ (రెక్క పైన ఉండే, నేర్చుకునేవారి విమానం), ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 ట్రాన్స్‌మిటర్, ఆరు ఛానళ్ల రిసీవర్ ఉన్నాయి. మూడు అక్షాల గైరో కొత్తగా కొన్నాను. దాన్ని ఎక్కడ అతికించాలి, ఏ వైరు ఎక్కడ గుచ్చాలి?

గైరోను డబ్బాలోనే ఉంచి ముందు విమానాన్ని ఒట్టిగా ఎగరేయండి. సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే బిందువు) ప్లానులో చెప్పిన చోటే ఉందో లేదో చూసుకోండి. ప్లాను లేకపోతే, మొదలు నుంచి చివరిదాకా ఒకే వెడల్పున్న రెక్కకు ముందు అంచు నుంచి 25–30 శాతం దగ్గర మొదలుపెట్టవచ్చు. రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల మధ్య అన్నమాట. తోక బరువున్న విమానాన్ని కూడా గైరో బాగానే నిలబెడుతుంది. అదే ప్రమాదం. స్విచ్ ఆఫ్ చేసిన క్షణంలో ఆ తప్పంతా ఒక్కసారిగా బయటపడుతుంది.

సగం థ్రాటిల్‌లో స్టిక్ వదిలితే నేరుగా పోయేదాకా ట్రిమ్ చేసి (స్టిక్ మధ్యస్థానాన్ని కొంచెం కొంచెంగా జరిపి) దించండి. ఆ ట్రిమ్‌కు పలకలు (రెక్కల వెనక ఐలెరాన్లు, తోక దగ్గర ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, పక్కలకు తిప్పే రడ్డర్) ఎక్కడ నిలిచాయో స్కేలుతో కొలిచి, పలకను సర్వో అనే చిన్న మోటారుకు కలిపే పుష్‌రాడ్ తీగ పొడవు మార్చి వాటిని అక్కడికే తెచ్చి, ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్ సున్నా చేయండి. ఈ పని విసుగనిపిస్తుంది కానీ తప్పించుకోకండి. చాలా గైరోలు కరెంటు ఇచ్చిన క్షణంలో వచ్చే స్టిక్ సిగ్నల్‌నే మధ్యస్థానంగా గుర్తుపెట్టుకుంటాయి. తర్వాత గాల్లో మీరు ట్రిమ్ నొక్కితే అది దాన్ని పైలట్ ఇచ్చిన ఆదేశమనుకుంటుంది.

ఇక అతికించే చోటు. విమానం తిరిగే వేగం దాని ఒంట్లో ఎక్కడ కొలిచినా ఒకటే. కాబట్టి గైరో సీజీకి రెండు మూడు సెంటీమీటర్లు ముందూ వెనకా అయినా నష్టం లేదు. వంకరగా కూర్చుంటేనే నష్టం. అంచులు ఫ్యూజిలాజ్‌కు (విమానం మొండేనికి) సమాంతరంగా, బాణం గుర్తు ముక్కు వైపు ఉండాలి. వంకర ఉంటే రెక్క వాలినప్పుడు అది ముక్కు కూడా తిరిగినట్టు లెక్కేసి, అక్కర్లేని రడ్డర్ ఇస్తుంది. అడుగున థర్మోకోల్ గోడ కాకుండా చిన్న ప్లైవుడ్ ముక్క పెట్టండి. దాని మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల మందమున్న డబుల్ సైడ్ ఫోమ్ టేప్ చాలు. గ్లూ గన్‌తో మాత్రం అతికించకండి. మన ఎండలకు కారులో పెట్టిన విమానంలో ఆ జిగురు మెత్తబడి, గైరో ఒక మూలకు జారుతుంది. మోటార్, ఈఎస్‌సి (మోటార్ వేగాన్ని అదుపు చేసే పరికరం) నుంచి కనీసం ఐదారు సెంటీమీటర్లు దూరం పెట్టండి. ప్రొపెల్లర్‌ను బ్యాలెన్స్ చేయండి.

వైర్లు: రిసీవర్ ఛానల్ 1 నుంచి గైరో ఐలెరాన్ ఇన్‌పుట్‌కు, 2 నుంచి ఎలివేటర్‌కు, 4 నుంచి రడ్డర్‌కు. ఛానల్ 3 థ్రాటిల్, అది నేరుగా ఈఎస్‌సికే పోతుంది. సర్వోలన్నీ గైరో అవుట్‌పుట్‌లో గుచ్చాలి. ఛానల్ 5 మోడ్ వైరుకు, గెయిన్ (గైరో ఎంత గట్టిగా సరిచేయాలో చెప్పే అంకె) వైరు విడిగా ఉంటే ఛానల్ 6 దానికి. ట్రాన్స్‌మిటర్ ఆక్స్ ఛానళ్ల మెనూలో 5కు స్విచ్ సి, 6కు విఆర్‌ఎ నాబ్ కేటాయించండి. ఎఫ్‌ఎస్-ఐ6లో మూడు స్థానాలున్న స్విచ్ సి ఒక్కటే. పైన గైరో ఆఫ్, మధ్యలో మామూలు రేట్ మోడ్ (కదలికను మాత్రమే అడ్డుకునేది), కింద సెల్ఫ్ లెవెల్ (విమానాన్ని తనంతట సమతలానికి తెచ్చేది) వచ్చేలా పెట్టుకుంటే గాభరాలోనూ వేలు తడబడదు.

బ్యాటరీ తగిలించాక పది సెకన్ల దాకా విమానాన్ని కదపకండి. ఆ కాసేపట్లోనే గైరో తన సున్నాను నేర్చుకుంటుంది. చేతిలో పట్టుకుని మాట్లాడుతూ తగిలిస్తే, ఆ కదలికే సున్నా అయి కూర్చుంటుంది.

కరీంనగర్ నుంచి: సార్, మొన్న కొత్తగా గైరో పెట్టి ఎగిరేసిన. చెయ్యి వదిలీ వదలంగనే కుడిపక్కకు తిరగబడి మక్కచేనుల పడ్డది. స్టిక్ ఎడమకు గుంజినా ఆగలే. ఎగిరేసే ముందు స్టిక్‌లు అన్నీ చూసుకున్న, కరెక్టుగనే కదిలినయ్. మరి తప్పు ఎక్కడున్నట్టు?

మీరు చూసుకున్నది ఒక దిక్కు. చూడాల్సిన దిక్కులు రెండు. స్టిక్ కదిపితే పలక ఎటు పోతుందన్నది మొదటిది. విమానం కదిలితే గైరో పలకను ఎటు తిప్పుతుందన్నది రెండోది. ఈ రెండింటికీ సంబంధం లేదు. మొదటిది సరిగా ఉండి రెండోది తిరగబడితే, కుడి రెక్క కొంచెం వాలగానే గైరో దాన్ని ఇంకా కిందికి నెడుతుంది. ఎంత వేగంగా వాలితే అంత గట్టిగా నెడుతుంది. మీ స్టిక్ ఒక వైపు, గైరో ఇంకో వైపు లాగుతుంటే చేత్తో విసిరిన విమానానికి కోలుకునేంత ఎత్తు ఉండదు. మీరు రాసిన లక్షణం అచ్చంగా ఇదే.

ముందు గైరో ఆఫ్‌లో ఉంచి స్టిక్ దిక్కులు చూడండి. తప్పుంటే ట్రాన్స్‌మిటర్‌లోని రివర్స్ మెనూతో సరిచేయండి. ఆ తర్వాత ట్రాన్స్‌మిటర్ జోలికి పోవద్దు. గైరో ఆన్ చేసి, గెయిన్ బాగా పెంచి, విమానాన్ని రెండు చేతుల్లోకి తీసుకోండి. ప్రొపెల్లర్ తీసేసి ఉండాలి.

గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే: విమానంలో ఏ భాగాన్ని ఎటు కదిపితే, ఆ భాగానికున్న పలక కూడా అటే కదలాలి. కుడి రెక్కను కిందికి వంచండి, కుడి ఐలెరాన్ కిందికి రావాలి, ఎడమది పైకి లేవాలి. ముక్కు దించి తోకను పైకెత్తండి, ఎలివేటర్ పైకి లేవాలి. తోకను ఎడమకు ఊపండి, రడ్డర్ ఎడమకు తిరగాలి. ఎటు పడిపోతుంటే అటు వైపు చెయ్యి చాపి ఆపుకున్నట్టే ఇది. కిందికి వాలే రెక్కలో కిందికి దిగిన ఐలెరాన్ ఆ రెక్కను పైకి తోస్తుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రేట్ మోడ్‌లో పలక కదలిక విమానం కదులుతున్నంతసేపే ఉంటుంది. మీరు వంచి ఆపేసరికి ఐలెరాన్ మధ్యకు వచ్చేస్తుంది. ఆగాక తలవంచి చూస్తే ఏమీ జరగలేదనిపిస్తుంది. లేదా వెనక్కి తెచ్చేటప్పటి కదలికను చూసి తిరగబడిందనుకుంటారు. కాబట్టి ఒకరు కదుపుతుంటే ఇంకొకరు ఐలెరాన్ వెనక అంచు మీదే కన్నుంచాలి. ఒక్కరే ఉంటే సెల్ఫ్ లెవెల్ మోడ్‌లో పెట్టండి. అందులో విమానం వంగి ఉన్నంతసేపూ ఐలెరాన్, ఎలివేటర్ తిరిగే ఉంటాయి, తీరిగ్గా చూడవచ్చు. రడ్డర్‌ను మాత్రం కదులుతున్నప్పుడే పట్టుకోవాలి.

దిక్కు తప్పితే గైరో మీదున్న రివర్స్ స్విచ్‌తోనే, లేదా దాని సెట్టింగ్‌లోనే మార్చాలి. ట్రాన్స్‌మిటర్‌లో రివర్స్ చేస్తే గైరో తప్పు అలాగే ఉండి, సరిగ్గా ఉన్న స్టిక్ కూడా తిరగబడుతుంది. సర్వో మార్చినా, హార్న్ (పుష్‌రాడ్ తగిలించే, పలక మీది కొమ్ము) అవతలి వైపుకు తిప్పి బిగించినా, గైరోను ఇంకో పక్కకు తిప్పి అతికించినా మొత్తం పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి. మామూలు రోజుల్లో కూడా ప్రతి ఎగరవేతకు ముందు మూడు అక్షాల్లో ఒక్కొక్క ఊపు ఊపి చూడండి. అరనిమిషం పని.

గోదావరిఖని నుంచి: నెమ్మదిగా పోతున్నప్పుడు విమానం రాయిలా నిలకడగా ఉంటుంది. ఫుల్ థ్రాటిల్ ఇస్తే రెక్కలు గిలగిలా కొట్టుకుంటాయి. గైరో పాడైందా?

పాడవలేదు, గెయిన్ ఎక్కువైంది. వేగం రెట్టింపైతే పలక మీద పడే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఐదు డిగ్రీల ఐలెరాన్ చేసిన పని, ఫుల్ థ్రాటిల్‌లో ఒకటి రెండు డిగ్రీలే చేసేస్తాయి. గైరోకు వేగం తెలియదు కాబట్టి అదే ఐదు డిగ్రీలు ఇస్తుంది. రెక్క అవసరానికి మించి లేస్తుంది, గైరో వెనక్కి కొడుతుంది, మళ్లీ మించిపోతుంది.

అందుకే గెయిన్‌ను ఎప్పుడూ మీరు ఎగరేసే అత్యధిక వేగం దగ్గరే సెట్ చేయాలి. 25 శాతంతో మొదలుపెట్టి, 50 మీటర్ల ఎత్తులో నేరుగా పోనిస్తూ ఐదైదు శాతం పెంచండి. వణుకు మొదలవగానే ముందు థ్రాటిల్ తగ్గించండి, గెయిన్ సంగతి తర్వాత. వణికిన అంకె నుంచి పది తగ్గించి అక్కడ స్థిరపరచండి. ఐలెరాన్, ఎలివేటర్, రడ్డర్ గెయిన్లు విడివిడిగా ఉంటే ఒక్కొక్కదాన్నే తేల్చండి. మూడూ కలిపి పెంచితే వణికింది ఏదో తెలియదు.

గెయిన్ ఇరవైకి తెచ్చినా విమానం నెమ్మదిగా ఊగుతూనే ఉంటే లింకేజీ (సర్వో నుంచి పలకదాకా ఉన్న జోడింపులు) చూడండి. సర్వో ఆన్‌లో ఉండగా పలక వెనక అంచును వేలితో అటూ ఇటూ కదపండి. మిల్లీమీటర్ కంటే ఎక్కువ ఆడితే ఆ వదులును గైరో ఎప్పటికీ పూడ్చలేదు. సర్వో చేతికున్న రంధ్రం పుష్‌రాడ్ తీగకంటే పెద్దదవడం, లేదా హార్న్ థర్మోకోల్‌లో వదులై కదలడం దీనికి మామూలు కారణాలు. పుష్‌రాడ్‌ను సర్వో చేతిలో లోపలి రంధ్రానికీ, హార్న్‌లో బయటి రంధ్రానికీ మార్చినా వదులు ప్రభావం చాలా తగ్గుతుంది. ప్లాస్టిక్ పళ్ల 9 గ్రాముల సర్వోలు కొన్ని నేల తాకిడులు తిన్నాక పళ్లలోనే ఆట వస్తుంది. వాటిని మార్చేయడమే మంచిది.

ఇంకో మాట. గైరోలో సర్వో ఫ్రీక్వెన్సీ సెట్టింగ్ ఉంటే ఎస్‌జి90 లాంటి అనలాగ్ సర్వోలకు 50 హెర్ట్జ్‌లోనే ఉంచండి. 333 హెర్ట్జ్ దాన్ని తట్టుకునే డిజిటల్ సర్వోలకే. అనలాగ్‌కు పెడితే గుయ్‌మంటూ వేడెక్కి కాలిపోతుంది.

మంచిర్యాల నుంచి: సెల్ఫ్ లెవెల్ మోడ్‌లో పెట్టగానే నా విమానం ముక్కు పైకెత్తి, వేగం తగ్గి, రెక్క పడేసుకుంటుంది. రేట్ మోడ్‌లో బాగానే ఉంది. పైగా పొద్దున ఒక తీరుగా, పది గంటలకు ఇంకో తీరుగా ఉంటోంది.

మీ విమానానికి వెనక చిన్న చక్రం ఉందని ఉత్తరంలో రాశారు. జవాబు అందులోనే ఉంది. అలాంటి విమానం నేల మీద ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. మీరు దాన్ని చక్రాల మీదే నిలబెట్టి లెవెల్ కాలిబ్రేషన్ చేశారు. గైరో ఆ పది పన్నెండు డిగ్రీలనే సమతలమని నేర్చుకుంది. గాల్లో అదే కోణం పట్టుకుని ఉండాలని చూస్తుంది. తోక కింద పుస్తకాలు పేర్చి, విమానం సగం థ్రాటిల్‌లో నేరుగా ఎగిరేటప్పుడు ఎలా ఉంటుందో అలా నిలిపి కాలిబ్రేట్ చేయండి. రెక్కల రెండు కొసలూ బల్ల మీద నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో స్కేలుతో కొలవండి. ముక్కు రెండు డిగ్రీలు పైకి ఉంటే మంచిదే.

పొద్దుటికీ పదింటికీ తేడా వేడి వల్ల. గైరో చిప్ సున్నా వేడితో కొంచెం జరుగుతుంది. నీడలో బ్యాటరీ తగిలించి, ఎండలోకి తెచ్చి పది నిమిషాలు నిలబెట్టి ఎగరేస్తే ఆ జరిగిన సున్నాతోనే ఎగురుతుంది. ఎగరేసే చోటే విమానాన్ని కాసేపు ఉంచి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వండి. మే నెలలో మీ వైపు ఎండకు ఎనిమిదిలోపే ముగించుకోవడం బ్యాటరీకీ మేలు.

పెద్దపల్లి నుంచి: లాక్ మోడ్‌లో నేల మీద నడిపిస్తుంటే రడ్డర్, ఎలివేటర్ మెల్లగా ఒక పక్కకు పోయి అక్కడే ఉండిపోతాయి. ఎందుకు?

ఆ మోడ్ పని తీరే అంత. లాక్ మోడ్ విమానం పాత కోణంలోకి తిరిగి వచ్చేదాకా తప్పును కూడబెట్టుకుంటూ పోతుంది. నేల మీద చక్రాలు విమానాన్ని తిరగనివ్వవు, గాలి వేగం లేదు కాబట్టి పలకకు బలం లేదు. లెక్క పెరిగి పలక చివరిదాకా పోతుంది. ఆ స్థితిలో టేకాఫ్ చేస్తే లేవగానే అడ్డంగా పోతుంది. నేల మీద, చేత్తో విసిరేటప్పుడు, దించేటప్పుడు లాక్ మోడ్ వద్దు. ఆ మోడ్‌లో ట్రిమ్ కూడా ముట్టుకోకండి, విమానం ఆగకుండా మెల్లగా తిరుగుతూనే ఉంటుంది.

భూపాలపల్లి నుంచి: కోరోప్లాస్ట్ షీట్‌తో తోక లేని ఫ్లయింగ్ వింగ్ చేశాను. గైరో లేకుండా బాగా ఎగిరింది. గైరో పెట్టాక ఎలివేటర్ ఇస్తే ఒక పలకే కదులుతోంది.

మిక్సింగ్ రెండు చోట్ల జరుగుతోంది. ట్రాన్స్‌మిటర్‌లో ఎలివాన్ మిక్స్ (ఒకే జత పలకలు ఐలెరాన్, ఎలివేటర్ పనులు రెండూ చేసేలా సిగ్నల్స్ కలపడం) ఆన్‌లో ఉంది, గైరోలో అదే పని చేసే డెల్టా మోడ్ కూడా ఆన్‌లో ఉంది. కలిపినదాన్ని మళ్లీ కలిపితే ఒక పలకకు రెట్టింపు, ఇంకోదానికి సున్నా వస్తాయి. ట్రాన్స్‌మిటర్‌లో ఎలివాన్ ఆపేసి, గైరోలో డెల్టా ఉంచండి. గైరోకు ఐలెరాన్, ఎలివేటర్ సిగ్నల్స్ కలపకుండా విడివిడిగా అందాలి. లేకపోతే రెక్క వాలిందో ముక్కు దిగిందో సరిచేయడానికి ఏ పలకను తిప్పాలో దానికి తెలియదు. డెల్టా సెట్టింగ్ లేని గైరో అయితే ఈ విమానానికి వాడకండి.

దిక్కు పరీక్షకు పైన చెప్పిన సూత్రమే. వెనక భాగం పైకెత్తితే రెండు పలకలూ పైకి, కుడి రెక్క వంచితే కుడిది కిందికి, ఎడమది పైకి.

కాజీపేట నుంచి: గైరో పెట్టిన తర్వాత రెండుసార్లు విమానం గాల్లో రెండు మూడు సెకన్లు చెప్పినమాట వినలేదు. దించాక చూస్తే ఈఎస్‌సి కాలిపోతోంది. 30 ఆంపియర్ల ఈఎస్‌సి, 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ, నాలుగు సర్వోలు.

మోటార్‌కు 30 ఆంపియర్లు సరే. సర్వోలకు కరెంటిచ్చేది అందులోని చిన్న బీఈసీ. చవక ఈఎస్‌సిల్లో అది లీనియర్ రకం, ఎక్కువైన వోల్టేజీని వేడిగా మార్చి పారేస్తుంది. నిండా చార్జ్ అయిన 3ఎస్ బ్యాటరీ 12.6 వోల్టులు, సర్వోలకు 5 వోల్టులు. మిగిలిన 7.6 వోల్టుల మీద ఒక్క ఆంపియర్ పోయినా 7.6 వాట్ల వేడి పుడుతుంది. గైరో లేనప్పుడు సర్వోలు ఎక్కువసేపు ఖాళీగా ఉండేవి. ఇప్పుడు ప్రతి చిన్న గాలికీ నాలుగూ కదులుతూనే ఉంటాయి. బీఈసీ వేడెక్కి వోల్టేజీ పడిపోగానే రిసీవర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. దాంతోపాటు గైరో కూడా మొదటినుంచి సున్నా నేర్చుకోవాలని చూస్తుంది, అదీ ఎగురుతున్న విమానంలో. ఆ రెండు మూడు సెకన్లు అవే.

5 వోల్టుల, 3 ఆంపియర్ల స్విచింగ్ యూబీఈసీ (అంతగా వేడెక్కని బీఈసీ) విడిగా పెట్టండి. ఈఎస్‌సి నుంచి రిసీవర్‌కు వచ్చే ప్లగ్‌లో మధ్య ఎర్ర వైరు పిన్ బయటకు లాగి టేప్ చుట్టండి, రెండు సరఫరాలు ఒకదానితో ఒకటి కలవకూడదు. తర్వాత ప్రొపెల్లర్ తీసి, గైరో ఆన్‌లో ఉంచి, విమానాన్ని చేత్తో రెండు నిమిషాలు ఊపుతూ స్టిక్‌లు కూడా తిప్పండి. రిసీవర్ లైటు ఒక్కసారి కూడా మిణుకుమనకూడదు.

జమ్మికుంట నుంచి: గాలి ఎక్కువున్న రోజు గైరో ఆన్‌లోనే దించుతుంటే చివర్లో ఒక రెక్క ఉన్నట్టుండి పడిపోయింది. గైరో ఉంటే అలా కాకూడదు కదా?

వేగం తగ్గిన విమానాన్ని గైరో కాపాడలేదు. కొన్నిసార్లు ఇంకా తొందరగా పడేస్తుంది. రెక్క స్టాల్ (వేగం చాలక రెక్క ఎత్తే బలం కోల్పోవడం) అంచున ఉన్నప్పుడు ఒక కొస కొంచెం దిగితే, గైరో ఆ వైపు ఐలెరాన్‌ను కిందికి దించుతుంది. దాంతో ఆ కొస గాలిని ఇంకా ఎక్కువ కోణంలో కోస్తుంది, పూర్తిగా స్టాల్ అవుతుంది. మామూలుగా స్టాల్‌కు ముందు రెక్కలు తూగి మనకు సూచన ఇస్తాయి. గైరో ఆ తూగును కూడా దాచేస్తుంది, కంటికి అంతా నిమ్మళంగా కనిపిస్తుంది. అందుకే గైరోతో దించేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా కొట్టేయకుండా, గాలికి ఎదురుగా, మామూలుకంటే కొంచెం వేగంగానే రండి. నేల ఒక మీటరు ఉండగా థ్రాటిల్ తీయండి.

మీరు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నామని రాశారు కాబట్టి: సెల్ఫ్ లెవెల్‌తో మొదలుపెట్టడం తప్పు కాదు. కానీ ప్రతి బ్యాటరీలో చివరి రెండు మూడు నిమిషాలు మంచి ఎత్తులో రేట్ మోడ్‌కు, ఆ తర్వాత గైరో ఆఫ్‌కు మార్చి ఎగరేయండి. గైరో ఏదో ఒక రోజు ఆగిపోతుంది, ఆ రోజు విమానాన్ని దించాల్సింది మీ చేతులే.

వరంగల్ నుంచి: మామునూరు వైపు ఖాళీ పొలాల్లో ఎగరేయవచ్చా? అనుమతులేమైనా కావాలా?

2021 డ్రోన్ నిబంధనల్లో మోడల్ విమానాలకు విడిగా నిర్వచనం ఉంది: 25 కిలోలకు మించని బరువు, వినోదానికో చదువుకో వాడటం, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేయడం. వీటికి టైప్ సర్టిఫికెట్ (ఆ డిజైన్‌కు ప్రభుత్వ ధ్రువీకరణ) అక్కర్లేదు. చోటు విషయంలో మాత్రం మినహాయింపు లేదు. మామునూరు దగ్గర పాత విమానాశ్రయం ఉంది కాబట్టి, మీరనుకున్న పొలం ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎగరేసే రోజే చూసుకోండి. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు. పొలం యజమానిని అడగండి. బావుల మోటార్లకు పోయే 11 కెవి తీగలు మీ ఎగరవేత దారికి కనీసం వంద మీటర్ల అవతల ఉండేలా నిలబడండి. విమానం తీగకు చిక్కుకుంటే కర్రతో తీయబోకుండా లైన్‌మన్‌కు కబురు చేయండి.